మన పొలాల్లో కైసరు నాణేలు



మార్కు సువార్త 12వ అధ్యాయం ధ్యానించుకున్న తరువాత మన యౌవనస్థులు కొందరు ఒక ప్రశ్న వేశారు. "అయ్యగారూ, కైసరు బొమ్మ ఉన్న రాగి నాణేలు ఇప్పుడు ఫోనులోనే వేలానికి వస్తున్నాయి. బైబిలు కాలం నాటివని చెబుతున్నారు. మనం కొనుక్కోవచ్చా?" అవుననో కాదనో ఒక్క మాటతో తేల్చేయడం కంటే, ఆ నాణేల చరిత్ర మొదటినుండి చెప్పుకోవడం మంచిదని మాకు తోచింది. ఎందుకంటే ఆ చరిత్ర యెరూషలేములోనూ రోమాలోనూ ఆగిపోలేదు. అది సముద్రం దాటి మన తెలుగు నేల దాకా, మన భీమిలి తీరం దాకా వచ్చింది. కాస్త ఓపికగా చదవండి.

సువార్తలలో ఉన్న డబ్బు

మొదట మనకు తెలిసిన వాక్యభాగాలతోనే ప్రారంభిద్దాం. మత్తయి 20వ అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని కూలివారికి ఒప్పుకొన్న రోజు కూలి ఒక దేనారము. అది వెండి నాణెం. దానికి పైన ఆరియస్ అనే బంగారు నాణెం ఉండేది, 25 దేనారములకు ఒక ఆరియస్. దేనారమునకు క్రింద చిల్లర. ఒక దేనారమునకు 4 సెస్టెర్షియస్‌లు, లేదా 16 ఆస్‌లు. ఒక్కొక్క ఆస్‌కు 4 క్వాడ్రన్స్‌లు. ఔగుస్తు కైసరు చేసిన ఏర్పాటులో సెస్టెర్షియస్ ఇత్తడిది, ఆస్, క్వాడ్రన్స్ రాగివి. నాణేలు సేకరించేవారు ఈ చిల్లర అంతటినీ కలిపి కంచు నాణేలు అని పిలుస్తారు. మన యౌవనస్థులు ఫోనులో చూసినవి ఇవే.

ఈ చిల్లర డబ్బు సువార్తలలో కూడా ఉంది. మత్తయి 10లో రెండు పిచ్చుకల వెల ఒక ఆస్. లూకా 12లో ఐదు పిచ్చుకల వెల రెండు ఆస్‌లు. లెక్క చూడండి, నాలుగు కొన్నవాడికి ఐదవది కొసరుగా వస్తుంది. ఆ కొసరు పిచ్చుకను కూడా దేవుడు మరువలేదని ప్రభువు చెప్పాడు. మార్కు 12లో బీద విధవరాలు కానుకపెట్టెలో వేసినవి లెప్టా అనే రెండు అతి చిన్న యూదా నాణేలు. ఆ రెండూ కలిపితే ఒక రోమా క్వాడ్రన్స్ అవుతుందని మార్కు స్వయంగా లెక్క కట్టి చెప్పాడు. మన తెలుగు బైబిలులో ఆస్‌కూ, క్వాడ్రన్స్‌కూ, లెప్టాకూ మూడింటికీ కాసు అనే ఒకే మాట కనిపిస్తుంది. "కాసుకు కొరగాడు" అని మన పెద్దలు అనే కాసు ఇదే.

లెక్కలో పెడితే, ఒక దేనారములో 64 క్వాడ్రన్స్‌లు. అంటే ఆ విధవరాలు వేసినది రోజు కూలిలో 64వ వంతు. నేటి రోజు కూలి 600 రూపాయలు అనుకుంటే, తొమ్మిది రూపాయల చిల్లర. సంతలో ఆ చిల్లరకు ఏమీ రాదు. కానీ ఆమె దగ్గర ఉన్నది అంతే.

ఇక పన్ను విషయంలో ప్రభువును చిక్కుపరచాలని వచ్చినవారు చూపించిన పన్నురూక సంగతి. ఆయన చేతికి వచ్చినది తిబెరి కైసరు దేనారము అని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ నాణెం నేడు మ్యూజియములలో చాలా ఉంది. ముందు వైపు తిబెరి తల ఉంటుంది, చుట్టూ అతడు దైవమైన ఔగుస్తు కుమారుడని అర్థమిచ్చే లాటిను అక్షరాలు ఉంటాయి. వెనుక వైపు కూర్చుని ఉన్న ఒక స్త్రీ బొమ్మ, దాని పక్కన ప్రధాన యాజకుడు అనే బిరుదు. ఒక్కసారి ఊహించండి. ఒక మనిషిని దేవుని కుమారుడనీ ప్రధాన యాజకుడనీ చెప్పుకునే వెండిబిళ్ల, నిజమైన దేవుని కుమారుని యెదుట నిలిచింది. ఆయన దానిని విసరివేయలేదు, దానికి మ్రొక్కలేదు. దాని మీది బొమ్మ ఎవరిదో వారి నోటితోనే చెప్పించాడు.

అదే నాణెం మన నేలలో

ఇప్పుడు ఆశ్చర్యకరమైన సంగతి. అదే తిబెరి దేనారములు మన తెలుగు నేలలో దొరికాయి. ఒకటీ రెండూ కాదు. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో ఒకేచోట 1531 వెండి నాణేలు బయటపడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం ఔగుస్తు, తిబెరి కైసరులవి. లూకా సువార్త చదివేవారికి ఈ రెండు పేర్లూ పరిచయమే. ప్రభువు పుట్టినప్పటి ప్రజాసంఖ్య ఆజ్ఞ ఒకరిది, బాప్తిస్మమిచ్చు యోహాను పరిచర్య ఆరంభమైన ఏలుబడి మరొకరిది. అక్కనపల్లిలో పాతిపెట్టిన ఆ 1531 నాణేలు, ద్రాక్షతోట లెక్క ప్రకారం, 1531 రోజుల కూలి. అంటే నాలుగేళ్లకు పైగా ఒక్కరోజూ మానకుండా చేసిన కష్టం. దానిని పాతినవారు తిరిగి వచ్చి తవ్వుకోలేదు. ఎందుకు రాలేకపోయారో ఆ నాణేలు చెప్పవు.

గుంటూరు ప్రాంతంలోని వినుకొండలో 1889లో 15 బంగారు నాణేలు దొరికాయి. అవి తిబెరి మొదలు కారకల్లా వరకు, రెండు వందల ఏళ్ల వ్యవధిలో ఏలినవారివి. నాగార్జునకొండ తవ్వకాలలో ఒక తిబెరి బంగారు నాణెం, అంతోనినస్ పయస్ చక్రవర్తి భార్య ఫౌస్టీనా బొమ్మ ఉన్న మరొక బంగారు నాణెం దొరికాయి. ఈ నాణేలన్నిటి గురించి పరమేశ్వరీ లాల్ గుప్తా అనే నాణేల పండితుడు 1965లో ఒక పుస్తకమే వ్రాశాడు.

మనకు దగ్గరలోని సంగతి కూడా వినండి. విశాఖపట్నం నుండి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డులో తొట్లకొండ ఉంది. మనలో చాలామంది పిల్లలను తీసుకొని వెళ్లిన చోటే. అది ఒకప్పుడు బౌద్ధ భిక్షువుల ఆరామం. అక్కడ పురావస్తు శాఖవారు తవ్వినప్పుడు శాతవాహనుల సీసపు నాణేలు తొమ్మిది, రోమా వెండి నాణేలు ఐదు దొరికాయి. యెరూషలేము బజారులో చెల్లిన డబ్బుకు సోదరుల వంటివి మన సముద్రం ఒడ్డున కొండ మీద పడి ఉన్నాయన్నమాట.

అవి ఇక్కడికి ఎలా వచ్చాయి? వ్యాపారం ద్వారా. ఐగుప్తు రేవుల నుండి నైరుతి గాలుల ఆధారంతో ఓడలు మన దేశానికి వచ్చేవి. మొదటి శతాబ్దంలో గ్రీకు భాషలో ఒక వర్తకుడు వ్రాసిన పెరిప్లస్ అనే సముద్రయానపు పుస్తకంలో మసాలియా అనే తూర్పు తీరపు ప్రాంతం పేరు ఉంది. అక్కడ నూలు బట్టలు విస్తారంగా నేస్తారని అతడు వ్రాశాడు. అది మన కృష్ణానది ముఖద్వారాల తీరమని చరిత్రకారులు చెబుతారు. మిరియాలు, ముత్యాలు, రత్నాలు, సన్నని నూలుబట్టలు ఇక్కడినుండి వెళ్లాయి, బంగారం, వెండి అక్కడినుండి వచ్చాయి. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టెర్షియస్‌లు రోమా నుండి లాగేసుకుంటోందని ప్లినీ అనే రోమా పండితుడు విసుక్కున్నాడు. ఆ లెక్కలో కొంత కోపం కలిసి ఉండవచ్చు. అయినా నాలుగుతో భాగిస్తే అది ఒక కోటీ ఇరవై ఐదు లక్షల రోజుల కూలి. మన నేతగాళ్ల చేతిపని రోమా ధనవంతుల ఒంటిమీద ఉండేదని దీనినిబట్టి తెలుస్తుంది.

కంచు ఎందుకు రాలేదు?

జాగ్రత్తగా గమనించండి. పైన చెప్పినవన్నీ బంగారు, వెండి నాణేలే. మన ఆంధ్రదేశంలో రోమా నాణేలంటే ప్రధానంగా ఈ రెండే. ఆ కాలపు కంచు చిల్లర ఇంత దూరం ఎందుకు రాలేదు?

బంగారానికి విలువ దాని బరువులో ఉంది. కైసరు ఎవరో తెలియనివాడు కూడా త్రాసులో వేసి తూచి తీసుకుంటాడు. రాగి ఆస్‌కు విలువ దాని మీది బొమ్మలో ఉంది. కైసరు ఏలుబడి ఉన్నంత మేరే అది డబ్బు, ఆ సరిహద్దు దాటితే రాగిముక్క. వర్తకుడు తన ఓడలో బరువు దండగ అని దానిని తేలేదు. చాలా కాలం తరువాత, నాలుగు, ఐదు శతాబ్దాలలో, చిన్న చిన్న రోమా కంచు నాణేలు తమిళదేశానికీ సింహళానికీ చాలా వచ్చాయి. మదురై, కరూరు ప్రాంతాలలో అవి నేటికీ ఏటి ఇసుకలో దొరుకుతుంటాయి.

మన పూర్వికులు బరువునే నమ్మారనడానికి ఇంకొక సాక్ష్యం ఉంది. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి బంగారు, వెండి నాణేల బరువు తగ్గించాడు, వెండిలో కల్తీ కూడా కలిపాడు. మన దేశంలో దొరికే రోమా వెండి నాణేలలో నీరోకు ముందున్న ఔగుస్తు, తిబెరిల నాణేలే అత్యధికం. దొంగ త్రాసు యెహోవాకు అసహ్యమని సామెతలు 11 చెబుతుంది కదా. ఆ వాక్యం తెలియని మన పూర్వికుల త్రాసు కూడా చక్రవర్తి చేసిన కల్తీని పట్టేసింది.

కైసరు ముఖాన్ని కూడా ఇక్కడివారు లెక్కచేయలేదు. అక్కనపల్లి వెండి నాణేల మీద ఇక్కడివారు కొట్టిన చిన్న చిన్న ముద్రలు కనిపిస్తాయి. తమిళదేశంలోని పుదుక్కోట్టైలో 1898లో దొరికిన 501 బంగారు నాణేలలో చాలా వాటికి కైసరు ముఖం మీద అడ్డంగా ఉలిగాటు ఉంది. ఆ నాణెం ఇక డబ్బుగా చెల్లకూడదని అలా చేశారని కొందరు పండితులు, లోపలి లోహం చూడడానికని కొందరు అంటారు. ఏదైనా, రోమాలో ఆ ముఖాన్ని అవమానించడం ప్రాణాలకు ముప్పు. ఇక్కడ ఒక ఉలిదెబ్బ.

నెల్లూరు రైతు నాగలి

ఇప్పుడు ఒక విచారకరమైన కథ. 1787లో మద్రాసు నుండి అలెగ్జాండర్ డేవిడ్‌సన్ అనే ఆంగ్లేయుడు వ్రాసిన ఒక ఉత్తరం కలకత్తా పండితుల సంచికలో అచ్చయింది. ఆయన అంతకుముందు మద్రాసు గవర్నరుగా పనిచేసినవాడు. నెల్లూరు దగ్గర ఒక రాతిగుట్ట పక్కన రైతు ఒకడు దున్నుతుంటే, నాగలికి ఇటుకకట్టు తగిలిందట. తవ్విచూస్తే శిథిలమైన ఒక చిన్న గుడి, దాని క్రింద ఒక చిన్న కుండ, కుండనిండా రోమా బంగారు నాణేలు. మన పెద్దలు చెప్పే లంకెబిందెల కథ అక్షరాలా జరిగింది.

రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు మూసలో కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కుమారుడు అమీరుల్ ఉమరాకు ఈ సంగతి తెలిసి, ముప్పైకి పైగా నాణేలను కరగకముందే సంపాదించాడు. వాటిలో ట్రాజన్, హేడ్రియన్, ఫౌస్టీనా నాణేలు ఉన్నాయి. కొన్ని నిన్ననే అచ్చు నుండి వచ్చినంత మెరుపుతో ఉన్నాయని, కొన్నిటికి నగలుగా ధరించినట్టు చిల్లులు ఉన్నాయని ఆ ఉత్తరం చెబుతోంది. మన తల్లుల మెడలోని కాసులపేరు గుర్తుకు రావడం లేదూ?

ఆ రైతును మేము తప్పుపట్టము. పన్నులతో, కరువుతో బ్రతికే మనిషికి బంగారం బంగారమే. అతడు అడిగిన ప్రశ్న ఒకటే: ఎంత? నవాబు కుమారుడు ఇంకొక ప్రశ్న అడిగాడు: ఎవరిది? అందుకే ముప్పై నాణేలు మిగిలాయి. కానీ మూడవ ప్రశ్న అడిగినవారు లేకపోయారు: ఎక్కడిది? ఏ గుడి క్రింద, ఏ లోతులో, ఎన్ని నాణేలు, పక్కన ఇంకేమి ఉన్నాయి? ఆ సంగతి మూసలో పడిన బంగారంతో పాటే పోయింది.

ఎక్కడిది అనే ప్రశ్న ఎంత ముఖ్యమో మన అనకాపల్లి దగ్గరి బొజ్జన్నకొండే చెబుతుంది. ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి అక్కడ తవ్వించినప్పుడు సముద్రగుప్తుని బంగారు నాణెం ఒకటి, చాళుక్య విష్ణువర్ధనుని రాగి నాణేలు, గుర్రం బొమ్మ ఉన్న సీసపు నాణెం ఒకటి దొరికాయి. విడివిడిగా బజారులో చూస్తే అవి మూడు పాత బిళ్లలు. శంకరం గ్రామంలోని ఆ కొండ మీద దొరికాయని వ్రాసి పెట్టినందువల్ల, వందల ఏళ్ల పాటు అక్కడికి జనం వస్తూ పోతూ ఉన్నారని మనకు తెలిసింది. నాణెం అదే. చోటు తెలిస్తే సాక్షి, చోటు పోతే సరుకు.

మన తెలుగువారిలో ఈ పని చేసినవారు ఉన్నారు. ఏలూరుకు చెందిన కావలి బొర్రయ్య, ఆయన తమ్ముళ్లు కర్నల్ మెకంజీ దగ్గర పనిచేస్తూ ఊరూరా తిరిగి శాసనాలకు నకళ్లు తీశారు, ఊరి పెద్దలు చెప్పిన సంగతులు వ్రాయించారు. ఆ కైఫీయతులు నేటికీ మన గ్రామాల చరిత్రకు ఆధారం. మెకంజీ సేకరణలో 6218 నాణేలు ఉన్నాయి. బొర్రయ్య 1803లోనే చిన్న వయస్సులో చనిపోయాడు. కానీ ఆయన నేర్పిన పద్ధతి మిగిలింది: వస్తువు కంటే ముందు ఊరి పేరు వ్రాసుకోవడం.

వేలంపాటలో కైసరు

ఇక మన యౌవనస్థుల ప్రశ్నకు వద్దాం. వేలం అంటే మనకు కొత్త కాదు. అనకాపల్లి బెల్లం మార్కెట్టులో వేలం చూశాం. కొనేవాడు దిమ్మను చూస్తాడు, రంగు చూస్తాడు, చిదిపి నోట్లో వేసుకుంటాడు, అప్పుడు పాట పాడతాడు. ఫోనులో జరిగే నాణేల వేలంలో కనిపించేది ఫోటో ఒక్కటే. అచ్చు ఎంత అరిగింది, అక్షరాలు చదవగలమా, రాగి మీద కాలక్రమంలో పట్టిన పచ్చపొర సహజమైనదా, పూసినదా, అరిగిన కైసరు ముక్కును ఎవరైనా పనిముట్టుతో మళ్లీ చెక్కారా, అచ్చుకొట్టిన నాణెమా, పోతపోసిన నకలా, ఇవన్నీ చేతిలోకి తీసుకొని చూసినా అనుభవజ్ఞులకే తెలుస్తాయి. పాడిన పాట మీద వేలం సంస్థకు కమీషన్ కూడా కట్టాలి.

అయినా ఆ కంచు నాణేలలో నేర్చుకోదగినది చాలా ఉందని ఒప్పుకోవాలి. క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయం కూలిపోయింది. మరుసటి సంవత్సరం వెస్పాసియన్ చక్రవర్తి అచ్చువేయించిన పెద్ద ఇత్తడి సెస్టెర్షియస్ మీద ఖర్జూరచెట్టు క్రింద కూర్చుని ఏడుస్తున్న స్త్రీ ఉంటుంది. ఆమె ఓడిపోయిన యూదయ. పట్టణమును చూచి ప్రభువు ఎందుకు కన్నీరు కార్చాడో (లూకా 19) ఆ నాణెం చూస్తే అర్థమవుతుంది. ఆయన ఏడ్చిన దుఃఖాన్నే రోమా తన విజయంగా అచ్చువేసుకుంది.

మరొకటి క్రీ.శ. 353 నాటిది. మగ్నెన్షియస్ అనేవాడు తన కంచు నాణెం వెనుక వైపంతా క్రీస్తు నామపు గుర్తును, దానికి ఇరువైపులా ఆల్ఫా, ఓమెగాలను పెద్దగా వేయించాడు. చూడగానే ఎంత భక్తిపరుడో అనిపిస్తుంది. అతడు 350లో తిరుగుబాటు చేసి సింహాసనం ఎక్కినవాడు. న్యాయంగా ఏలుతున్న కాన్‌స్టాన్స్ చక్రవర్తి ఆ తిరుగుబాటులోనే హతుడయ్యాడు. 353లో ఓడిపోయి మగ్నెన్షియస్ తనను తానే చంపుకున్నాడు. నాణెం మీద క్రీస్తు గుర్తు ఉన్నంత మాత్రాన దానిని వేయించినవాడు క్రీస్తువాడు కాడు. ఎన్నికల పోస్టర్ల కాలంలో బ్రతుకుతున్న మనకు ఇది చిన్న పాఠం కాదు.

ధర గురించి ఒక మాట. తిబెరి దేనారము అంత అరుదైనది కాదు. అయినా బైబిలులోని పన్నురూక అన్న పేరు తగిలేసరికి దాని ధర పెరుగుతుంది. విధవరాలి కాసు పేరుతో అమ్మే లెప్టాలూ అంతే. వాటి అమ్మకపు ప్రకటనలు విశ్వాసులనే ఎక్కువగా వెదకుతాయి. ఒక నాణెం ఆ కాలపుదని ధ్రువపత్రం చెప్పవచ్చు. అదే ఆ విధవరాలు వేసిన కాసు అని ఏ ధ్రువపత్రమూ చెప్పలేదు. దానిని ఇంట్లో పెట్టుకుంటే ఆశీర్వాదం వస్తుందని ఎవరైనా చెబితే, అది వాక్యం కాదు, వ్యాపారం.

మన కోత పండుగ వేలం గుర్తు తెచ్చుకోండి. రెండు వందలు చేయని గుమ్మడికాయ రెండు వేలకు పోతుంది. పాడినవారికి గుమ్మడికాయ వెల తెలియక కాదు. అది ఎవరికి అర్పించబడిందో తెలిసి పాడతారు. అక్కడ ధర పెంచేది కానుక. పురాతన వస్తువుల వేలంలో ధర పెంచేది ఆశ. పాట పాడేముందు మన నోటిని కదిలిస్తున్నది ఏమిటో పరీక్షించుకుందాం.

మనం ఏమి చేయాలి?

మూడు మాటలు సూటిగా చెబుతాము.

మొదటిది, చట్టం. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం క్రింద పురావస్తువు. దానిని అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి. సొంతంగా ఎవరూ దానిని దేశం దాటించకూడదు. సేకరించడం నేరం కాదు. కానీ ఆ నాణెం ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చిందో చెప్పలేనివారి దగ్గర కొనవద్దు. చెప్పలేని నాణెం వెనుక ఎక్కడో ఒక రాత్రి తవ్విన గొయ్యి ఉండవచ్చు.

రెండవది, మోసాలు. పాత ఐదు రూపాయల బిళ్లకు లక్షలు ఇస్తామని, ముందుగా కమీషన్ కట్టమని వచ్చే మెసేజీలు నమ్మవద్దు. తమ పేరు వాడి ఇలా డబ్బు అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. బియ్యపు గింజలను లాగే రాగి నాణెం, రైస్ పుల్లింగ్ అంటూ మన జిల్లాలలో ఎంతమంది పొలాలు తాకట్టు పెట్టి నష్టపోయారో మీకు తెలుసు. రాగి బియ్యాన్ని లాగదు. ఆశ మనిషిని లాగుతుంది.

మూడవది అన్నిటికంటే ముఖ్యం. మన సబ్బవరం చుట్టూ ఇప్పుడు నేల కదులుతోంది. ఆరు వరుసల రహదారి వచ్చింది, లేఅవుట్లు పడుతున్నాయి, జేసీబీలు గుట్టలను చదును చేస్తున్నాయి. ఆ పనులలో మన సంఘస్థులే కూలీలుగా, డ్రైవర్లుగా ఉన్నారు. రేపు మీ గునపానికి ఒక కుండ తగలవచ్చు. అప్పుడు 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం, విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. ఏమి దొరికింది, ఏ చోట దొరికింది, ఏ రోజు దొరికింది, ఈ మూడూ వ్రాయాలి. చూశారా, చట్టం కూడా చోటునే అడుగుతోంది. సొంతదారు ఎవరూ తేలకపోతే దొరికినవారికీ భూమి యజమానికీ వాటా ఉంది. వారిద్దరి మధ్య వేరే ఒప్పందం లేకపోతే నాలుగింట మూడు వంతులు దొరికినవారివే. ప్రభుత్వం తీసుకుంటే లోహపు విలువ మీద ఐదవ వంతు కలిపి ఇవ్వాలి. దాచిపెడితే వాటా పోతుంది, ఏడాది వరకు జైలుశిక్ష కూడా పడవచ్చు. మత్తయి 13లో పొలములో ధనం దొరికినవాడు తనకున్నదంతా అమ్మి ఆ పొలాన్ని కొన్నాడు. అది పరలోకరాజ్యం కోసం సమస్తం విడిచిపెట్టడాన్ని గూర్చిన ఉపమానం, దొరికినదానిని దాచుకోమని ఇచ్చిన అనుమతి కాదు.

నెల్లూరు రైతుకు చెప్పేవారు లేకపోయారు. మీకు ఇప్పుడు తెలిసింది. మన పిల్లలు రేపు మన ఊరి చరిత్ర వ్రాయాలంటే, ఆ ఒక్క కుండ మూసలోకి వెళ్లకుండా ఉండాలి.

మార్కు వ్రాసిన లెక్క

కైసరుది కైసరుకు చెల్లించమన్న ప్రభువు అక్కడితో ఆగలేదు, దేవునిది దేవునికి చెల్లించమన్నాడు. నాణెం మీద కైసరు బొమ్మ ఉంది. మరి దేవుని స్వరూపం దేని మీద ఉంది? ఆదికాండము మొదటి అధ్యాయమే జవాబు. అది మనిషి మీద ఉంది. చెరకుతోటలో అరిగిన చేతుల మీద, ఇటుకబట్టీలో నల్లబడిన ముఖాల మీద ఉంది. కంచు నాణెం తన రాజు ఏలుబడి దాటితే వట్టి రాగిముక్క అవుతుంది. మనిషికి అలాంటి సరిహద్దు లేదు, ఎందుకంటే మన రాజు ఏలుబడి లేని చోటు లేదు.

ఆ బీద విధవరాలి రెండు కాసులు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. వాటిని ఏ మ్యూజియమూ భద్రపరచలేదు, ఏ వేలంలోనూ ఎవరూ పాడలేదు. కానీ మార్కు మూడు సంగతులు వ్రాసి పెట్టాడు. ఎంత? రెండు కాసులు. ఎవరివి? ఒక బీద విధవరాలివి. ఎక్కడ? కానుకపెట్టె యెదుట, ప్రభువు కూర్చుండి చూస్తూ ఉండగా. వస్తువు పోయింది, సాక్ష్యం నిలిచింది.

దేవుడు మిమ్మల్నీ మీ ఇంటివారినీ, మీరు దున్నే నేలనూ దీవించును గాక. ఆమేన్.